జకరియాస్ ఉర్సీనస్: హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి వెనుక ఉన్న ఉపాధ్యాయుడు

హైడెల్‌బర్గ్ చూడటానికి వెళ్లే మనవాళ్లు సాధారణంగా కొండ మీది కోట ఎక్కుతారు, నెక్కర్ నది మీద పాత వంతెన దగ్గర ఫోటోలు దిగుతారు, సాయంత్రానికి రైలెక్కి వచ్చేస్తారు. ఆ వంతెనకూ కోటకూ మధ్య, పాత సంత చౌకులో, ఎర్రరాతి ఆలయం ఒకటుంది. పేరు హైలిగ్‌గైస్ట్‌కిర్షె, అంటే పరిశుద్ధాత్మ ఆలయం. 1559లో ఆ సంఘంలో ప్రభు బల్ల విషయమై ఇద్దరు సేవకులు ఘర్షణ పడ్డారు. ఒకరు ఆ రాజ్యంలోని సంఘాలన్నిటికీ పర్యవేక్షకుడైన టిలెమాన్ హెషూసియస్. రెండోవారు ఆయన కింద డీకనుగా ఉన్న విల్హెల్మ్ క్లేబిట్స్. పదవుల పట్టింపు కూడా కొంత ఉండే ఉంటుంది, మనుషులం కదా. పైకి వచ్చిన ప్రశ్న మాత్రం ఒక్కటే. ప్రభువు రొట్టె విరిచి, అది తన శరీరమని చెప్పినప్పుడు, ఆ మాటకు అర్థం ఏమిటి?

శరీరం రొట్టె'లో' ఉందా, రొట్టె'తో' ఉందా, రొట్టె 'కింద' ఉందా? వాళ్ల భాషల్లో ఇవి చిన్న చిన్న విడి మాటలు, మనకైతే విభక్తులు. ఆ చిన్న మాటల కోసం ఇద్దరూ ప్రసంగ వేదికల మీది నుంచే ఒకరినొకరు దుయ్యబట్టుకున్నారు. హెషూసియస్ క్లేబిట్స్‌ను సంఘం నుంచి వెలివేశాడు. బల్ల దగ్గరే గిన్నె కోసం పెనుగులాట దాకా వెళ్లిందని చరిత్రకారులు రాస్తారు. విశ్వాసులు ఆ రోజు ఇంటికి ఏ మనసుతో వెళ్లారో మనం ఊహించుకోవలసిందే.

అప్పుడు ఆ రాజ్యాన్ని, అంటే పాలటినేట్‌ను, ఏలుతున్నది ఫ్రెడరిక్ III. అతనిది ఎలెక్టర్ హోదా, చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న ఏడుగురిలో ఒకడు. పదవికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇద్దరినీ పనిలోంచి తీసేశాడు. తర్వాత విట్టెన్‌బర్గ్‌లో ఉన్న ఫిలిప్ మెలాంక్తన్‌కు ఉత్తరం రాసి సలహా అడిగాడు. మెలాంక్తన్ లూథరు కుడిభుజం. పుట్టింది పాలటినేట్‌లోని బ్రెట్టెన్ అనే చిన్న ఊళ్లో, మొదటి పట్టా పుచ్చుకున్నది హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోనే. 1559 నవంబరులో వచ్చిన ఆయన జవాబు సారాంశం ఇది: కొత్త మాటలు పుట్టించి పోట్లాడుకోవద్దు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయంలో పౌలు వాడిన మాట దగ్గరే అందరూ నిలబడండి. ఆ మాట గ్రీకులో కొయినోనియా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. కొయినోనియా మనకు కొత్త మాట కాదు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో తొలి సంఘం ఎడతెగక ఉన్న నాలుగు విషయాల్లో రెండోది ఇదే. అక్కడ మన తెలుగు బైబిలు సహవాసం అంటుంది. విదేశాల్లో మన కూడికలకు మనం పెట్టుకున్న పేరు కూడా అదే. కానీ కొరింథీ పత్రికలో ప్రభు బల్ల దగ్గరికి వచ్చేసరికి మన అనువాదకులు పాలుపుచ్చుకోవడం అన్నారు. లూథరు జర్మన్ బైబిల్లో రెండు చోట్లా గెమైన్‌షాఫ్ట్ అనే ఒకే మాట ఉంది. జర్మన్ చదివేవాడికి బల్లకూ సంఘానికీ ఉన్న బంధం మాటలోనే కనిపిస్తుంది. తెలుగు చదివేవాడికి కనిపించదు, ఎవరో చెప్పాలి. తెలుగు తప్పని కాదు. పాలుపుచ్చుకోవడం అనే మాటలో తీసుకునేవాడు ఖాళీ చేతులతో వెళ్లడనే భావం గట్టిగా ఉంది, అది సహవాసం అన్న మాటలో అంత లేదు. ఏ మాట ఎంచుకున్నా ఒకటి దొరుకుతుంది, ఒకటి జారిపోతుంది.

మెలాంక్తన్ ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు, 1560 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన ఇచ్చిన సలహాను హైడెల్‌బర్గ్‌లో పుస్తకంగా మలచిన మనిషి ఆయన ఇంట్లో భోజనం చేసి పెరిగిన శిష్యుడే.

ఆ శిష్యుడు 1534 జులై 18న బ్రెస్లావ్‌లో పుట్టాడు. ఇప్పుడది పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్. ఇంటిపేరు బేర్, అంటే ఎలుగుబంటి. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లు తమ పేర్లను లాటిన్‌లోకో గ్రీకులోకో మార్చుకునేవారు. లాటిన్‌లో ఎలుగుబంటి ఉర్సస్ కాబట్టి బేర్ కాస్తా ఉర్సీనస్ అయింది. మెలాంక్తన్ అసలు పేరు కూడా ష్వార్ట్‌సెర్ట్, నల్లమట్టి అనే అర్థంతో గ్రీకులోకి మార్చుకున్నదే. మన బైబిలు ప్రకారం చెప్పుకుంటే ఈయన జెకర్యా. ఇల్లు కలిగినది కాదు. 15 ఏళ్ల వయసులో విట్టెన్‌బర్గ్ చేరి ఏడేళ్లు చదివారు. ఆయన ఖర్చులకు ఆదుకున్నవారిలో ముఖ్యుడు బ్రెస్లావ్ వైద్యుడు యోహాన్నెస్ క్రాటో. ఈ డాక్టరుగారు తర్వాత చక్రవర్తుల ఆస్థాన వైద్యుడయ్యారు. ఉర్సీనస్ గురించి మనకు తెలిసిన వ్యక్తిగత సంగతులు చాలావరకు ఆయనకు రాసిన ఉత్తరాల వల్ల తెలిసినవే.

లూథరు చనిపోయి అప్పటికి నాలుగేళ్లు. లూథరుకూ జ్యూరిక్ సంస్కర్త జ్వింగ్లీకీ 1529లో మార్‌బర్గ్‌లో జరిగిన వాదం మాత్రం చావలేదు. ఆ వాదమంతా గ్రీకు సువార్తలో ఉన్న ఎస్తిన్ అనే ఒక్క క్రియ చుట్టూ తిరిగింది. లూథరు ఆ వాక్యాన్ని సుద్దముక్కతో బల్ల మీద రాసి పెట్టుకుని కూర్చున్నారు. ప్రభువు అయి ఉంది అన్నాక అయి ఉన్నట్టే, మన తర్కం అక్కడ పనికిరాదన్నది ఆయన పట్టు. ఆ క్రియకు ఇక్కడ సూచిస్తుంది అని అర్థమని జ్వింగ్లీ అన్నారు. ఇద్దరూ విడిపోయారు. 30 ఏళ్ల తర్వాత కూడా జర్మనీ సంఘాలు ఆ క్రియ దగ్గరే నిలబడి ఉన్నాయి.

మన భాషలో ఆ క్రియ లేదు. ఇతడు మా అన్న అంటాం, ఇది మా ఇల్లు అంటాం. మధ్యలో క్రియ రాదు. తెలుగు బైబిల్లో ప్రభు భోజన వాక్యం కూడా అలాగే, క్రియ లేకుండానే నిండుగా ఉంది. యేసు ప్రభువు మాట్లాడిన అరామిక్‌లో కూడా అలాంటి వాక్యానికి క్రియ అవసరం లేదు. అంటే యూరప్ రెండుగా చీలిపోయిన ఆ మాట, ఆ రాత్రి మేడగదిలో బహుశా ఎవరి చెవినీ పడి ఉండదు. అలాగని ప్రశ్న ఎగిరిపోదు. మా అన్న అని ఫోటో చూపించి అన్నా, మనిషిని చూపించి అన్నా వాక్యం ఒకటే. తేడా చెప్పేది వ్యాకరణం కాదు, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారన్నది. ఉర్సీనస్ తన జీవితమంతా తిరిగింది ఈ ప్రశ్న చుట్టూనే.

1557లో మెలాంక్తన్‌తో కలిసి ఆయన వోర్మ్స్ నగరంలో జరిగిన మత చర్చలకు వెళ్లారు. అక్కడి నుంచి స్ట్రాస్‌బర్గ్, బాసెల్, లొసాన్, జెనీవా తిరిగారు. జెనీవాలో కాల్విన్ తన పుస్తకాలు కానుకగా ఇచ్చారు. ప్యారిస్‌లో జాన్ మెర్సియే దగ్గర హెబ్రీ నేర్చుకున్నారు. మరుసటి ఏడాది సొంత ఊరు వచ్చి బడిపంతులుగా చేరారు. పిల్లలకు మెలాంక్తన్ పుస్తకం చెబుతున్నారు, అంతే. కానీ ప్రభు బల్ల గురించి ఈయన బోధ తేడాగా ఉందని ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ఉర్సీనస్ తన నమ్మకాన్ని సూత్రాలుగా రాసి అచ్చు వేయించారు. దాంతో గొడవ పెరిగింది. తగవులు ఆయన ఒంటికి పడవు. 1560లో సెలవు పుచ్చుకుని జ్యూరిక్ వెళ్లి, ఇటలీ నుంచి పారిపోయి వచ్చిన పండితుడు పీటర్ మార్టిర్ వెర్మీలీ దగ్గర చదువుకున్నారు.

హైడెల్‌బర్గ్ నుంచి ఫ్రెడరిక్ మొదట పిలిచింది పీటర్ మార్టిర్‌నే. వయసు మీదపడిన ఆయన రాలేక శిష్యుణ్ని పంపారు. అలా 1561లో, 27 ఏళ్ల వయసులో, ఉర్సీనస్ నెక్కర్ ఒడ్డుకు వచ్చారు. సేవకులను తయారుచేసే సపియెన్స్ కళాశాల, అంటే జ్ఞాన కళాశాల, ఆయన చేతికి అప్పగించారు. అది ఒకప్పటి అగస్టీనియన్ సన్యాసుల మఠంలో నడిచేది. 1518లో లూథరు తన సన్యాసి సంఘం సమావేశానికి వచ్చింది ఈ మఠానికే. ఇప్పుడు ఆ కట్టడం లేదు, ఆ చోటు విశ్వవిద్యాలయ చౌకు.

ఫ్రెడరిక్ తన రాజ్యంలో ప్రతి బడి పిల్లవాడికీ, ప్రతి సంఘానికీ ఒకే బోధ అందాలని 1562లో ప్రశ్నోత్తరి తయారుచేయించాడు. మనలో కొన్ని సంఘాలవారు దీన్నే కాటకిజం అంటారు. ఉర్సీనస్ అంతకుముందే లాటిన్‌లో రెండు ప్రశ్నోత్తరులు రాసి ఉంచారు. పెద్దదాంట్లో 323 ప్రశ్నలు, చిన్నదాంట్లో 108. వాటి నుంచి, ముఖ్యంగా చిన్నదాని నుంచి, జర్మన్ పుస్తకం రూపుదిద్దుకుంది. ముందుమాట తేదీ 1563 జనవరి 19. ఇది వేదపండితులూ, పర్యవేక్షకులూ, సేవకులూ అందరూ కలిసి చేసిన పని అని ఎలెక్టర్ ముందుమాటలో రాశాడు. కాస్పర్ ఒలెవియానస్ అనే యువ ప్రసంగీకుడి పేరును కూడా ఉర్సీనస్‌తో కలిపి చెప్పడం ఆనవాయితీ. కలం ఎక్కువగా ఉర్సీనస్‌దేనని పరిశోధకులు ఒప్పుకుంటారు. పుస్తకం మీద మాత్రం ఆయన పేరు లేదు.

మొదటి ప్రశ్న బతుకులోనూ చావులోనూ నీకున్న ఒకే ఒక ఆదరణ ఏమిటని అడుగుతుంది. నేను నా సొత్తు కాను, నా రక్షకుడైన క్రీస్తు సొత్తును అన్నది జవాబు సారం. జర్మన్‌లో ఆదరణకు వాడిన మాట ట్రోస్ట్. కన్నీళ్లు తుడవడం ఒక్కటే దాని అర్థం కాదు, ఆనుకుంటే విరగని ఊత అనే భావం దాని వేరులో ఉంది. ఉర్సీనస్ ముందు రాసిన లాటిన్ ప్రశ్నలో ఏ ఆదరణ నీ గుండెను నిలబెడుతోంది అన్న ధోరణి ఉంది. కాబట్టి ఆ జర్మన్ మాటను ఆయన ఏ భావంతో వాడారో పోల్చి చూసుకునే అవకాశం మనకుంది. ఏ అనువాదకుడికైనా మూలరచయిత పాత చిత్తుప్రతి దొరకడం పెద్ద అదృష్టం. నీకు అని ఏకవచనంలో అడగడం కూడా గమనించాలి. సంఘమంతా కలిసి చదివినా ప్రశ్న ఒక్కొక్కరినే తాకుతుంది.

ప్రభు బల్ల ప్రశ్నలు 75 నుంచి మొదలవుతాయి. 77వ జవాబు పౌలు మాటలను, మెలాంక్తన్ చూపించిన ఆ కొయినోనియా వచనంతో సహా, తెచ్చి ముందు పెడుతుంది. 78లో రొట్టె నిజంగా శరీరంగా మారుతుందా అన్న ప్రశ్న. బాప్తిస్మపు నీళ్లు రక్తంగా మారనట్టే రొట్టె కూడా మారదని జవాబు. వాదం కోసమే రాసేవాడైతే అక్కడ గెలిచానని కలం కింద పెట్టేవాడు. ఉర్సీనస్ 79వ ప్రశ్న అడిగారు. మరి అలాగైతే ప్రభువు ఆ రొట్టెను తన శరీరమని ఎందుకన్నారు? ఊరికే అనలేదు, అనడానికి గొప్ప కారణముంది అని జవాబు మొదలవుతుంది. రొట్టె ఈ శరీరాన్ని పోషించినట్టే సిలువ వేయబడిన తన శరీరం మన ఆత్మను నిత్యజీవానికి పోషిస్తుందని నేర్పడానికి. అంతకంటే ముఖ్యంగా, చేతికి అందే ఈ గుర్తు ఎంత నిజమో ఆయనలో మన పాలు కూడా అంతే నిజమని నమ్మకం కలిగించడానికి.

హెషూసియస్, క్లేబిట్స్ తగవులో అడగని ప్రశ్న ఇదేనని నాకనిపిస్తుంది. వాళ్లు మాటకు అర్థమేమిటని పట్టుకులాడారు. ఉర్సీనస్ ఆ మాట అన్నవాడు ఏం ఇవ్వాలనుకుని అన్నాడని అడిగారు. 'లో', 'తో', 'కింద' అనే మూడు మాటల్లో ఒక్కదాన్ని కూడా ఆయన ఆ జవాబుల్లో జెండాగా ఎత్తలేదు.

కానీ తర్వాతి ప్రశ్న చూడండి. 80వది మొదటి ముద్రణలో లేదు. కొద్ది నెలల్లో వచ్చిన రెండో ముద్రణలో చేరింది, మూడోదాంట్లో ఇంకా పదునెక్కింది. రోమా సంఘపు మిస్సా పూజను శాపగ్రస్తమైన విగ్రహారాధన అన్నంత కఠినంగా ఖండించే ప్రశ్న అది. ట్రెంట్ మహాసభ 1562 సెప్టెంబరులో మిస్సా గురించి చేసిన తీర్మానానికి ఎలెక్టర్ చెప్పించిన జవాబని పండితుల అభిప్రాయం. ఒక్క ఆదరణతో మొదలైన పుస్తకంలో ఇది వేరే గొంతులా వినిపిస్తుంది. దాని ఫలితం కూడా వేరుగానే ఉంది. 1719లో అప్పటి కతోలిక ఎలెక్టర్ కార్ల్ ఫిలిప్ ఈ ప్రశ్న కారణంగానే ప్రశ్నోత్తరిని నిషేధించాడు, పరిశుద్ధాత్మ ఆలయాన్ని మొత్తం కతోలికులకు ఇచ్చేయమన్నాడు. ఇతర ప్రొటెస్టెంట్ రాజుల ఒత్తిడికి వెనక్కి తగ్గి, కోపంతో రాజధానినే మన్‌హైమ్‌కు మార్చుకుపోయాడు. ఆ ఆలయం లోపల 1706లో కతోలికులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య కట్టిన గోడ 1936 దాకా నిలిచింది. 2006లో ఉత్తర అమెరికాలోని క్రిస్టియన్ రిఫార్మ్డ్ సంఘం ఈ జవాబులో చాలా భాగాన్ని బ్రాకెట్లలో పెట్టింది. అందులో వర్ణించిన బోధ కతోలికులు నిజంగా చెప్పుకునే బోధ కాదని, వాళ్లనే అడిగి తెలుసుకున్న తర్వాత తీసుకున్న నిర్ణయం అది.

ప్రశ్నోత్తరి మాత్రం వేగంగా ప్రయాణించింది. అదే సంవత్సరం లాటిన్, డచ్ అనువాదాలు వచ్చాయి. 52 ఆదివారాలకు భాగాలుగా పంచి, ప్రతి ఆదివారం మధ్యాహ్నం దాని మీద ప్రసంగించే అలవాటు ఏర్పడింది. డచ్చివారితో అది అమెరికా చేరింది. ఆ డచ్చి వలసదారుల సంఘమే, రిఫార్మ్డ్ చర్చ్ ఇన్ అమెరికా, 1853లో ఆర్కాట్ మిషన్ స్థాపించింది. ఆ మిషన్ నుంచి 1860లలో జేకబ్ ఛాంబర్లేన్ మదనపల్లెకు వచ్చారు. తెలుగు బైబిలు సవరణ సంఘానికి రెండు దశాబ్దాలు అధ్యక్షత వహించిన వైద్య మిషనరీ ఆయనే. అటు గుంటూరులో 1842 నుంచి ఫాదర్ హయ్యర్ వారసులు లూథరు ప్రశ్నోత్తరి నేర్పుతున్నారు. ఆ పుస్తకం తెలుగులో అంతకు వందేళ్ల ముందే, 1740లలో, జర్మనీలోని హాల్లెలో బెంజమిన్ షుల్ట్జ్ చేతుల మీదుగా అచ్చయింది. జర్మనీలో కొట్టుకున్న రెండు పాఠాలూ అలా మన నేల మీదికి వేర్వేరు దారుల్లో వచ్చాయి. ఇవాళ మన సహవాసాల్లో గుంటూరు లూథరన్ అమ్మగారూ మదనపల్లె సి.ఎస్.ఐ. అయ్యగారూ ఒకే బల్ల దగ్గర నిలబడుతున్నారు. పక్కనే ప్రభు బల్ల అనే బాప్తిస్టు సోదరుడూ ఉంటాడు. ఎవరు ఏ మాట వాడినా తెల్లమొహాలు వేసుకునేవాళ్లు ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు. వాళ్లకు ఉర్సీనస్ 79వ ప్రశ్నే కావాలి, ఆయన ఎందుకలా అన్నారని.

హైడెల్‌బర్గ్‌కు తిరిగి వద్దాం. పుస్తకం వెలువడగానే లూథరన్ పండితులు దాడి చేశారు, జవాబులు రాసే పని ఉర్సీనస్ మీదే పడింది. 1564 ఏప్రిల్‌లో మౌల్‌బ్రాన్ మఠంలో వుర్టెంబర్గ్ పండితులతో ముఖాముఖి వాదం జరిగింది. అక్కడ అందరినీ కట్టిపడేసిన మాట దేవుని కుడిపార్శ్వం. లూథరన్లు, అది ఒక చోటు కాదు, దేవుని శక్తి, అన్నిచోట్లా ఉంటుంది, కాబట్టి క్రీస్తు శరీరం బల్ల మీద ఉండటానికి అడ్డేమిటన్నారు. హైడెల్‌బర్గ్‌వారు, ప్రభువు శరీరంతో పరలోకానికి ఎక్కిపోయారని విశ్వాస ప్రమాణం చెబుతోంది, ఎక్కిపోయిన శరీరం ఎక్కడో ఒకచోట ఉండాలన్నారు. ఇందులో తమాషా గమనించారా? బల్ల దగ్గర అక్షరార్థం పట్టినవారు కుడిపార్శ్వం దగ్గర భావార్థం పట్టారు. బల్ల దగ్గర భావం చూడమన్నవారు ఆరోహణం దగ్గర అక్షరానికి కట్టుబడ్డారు. ఏ మాటను ఎలా చదవాలో ఎవరూ కేవలం ఆ మాటను చూసి నిర్ణయించుకోలేదు, ఏది పోగొట్టుకోకూడదని భయపడ్డారో దాన్ని బట్టి చదివారు. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. ఇరుపక్షాలూ గెలిచామని చెప్పుకున్నాయి.

ఉర్సీనస్ స్వభావానికి ఇది సరిపడే బతుకు కాదు. నిద్ర సరిగ్గా పట్టేది కాదు, ఒంట్లో బాగుండేది కాదు, మనసు దిగులుగా ఉండేది. కళాశాల పని గానుగెద్దు చాకిరీలా ఉండేది. తన గది తలుపు దగ్గర లాటిన్‌లో ఒక హెచ్చరిక రాసి పెట్టుకున్నారని చెబుతారు. వచ్చే స్నేహితుడెవరైనా సరే మాట తొందరగా ముగించాలి, లేదా వెళ్లిపోవాలి, లేదా కూర్చుని తన పనిలో సాయం చేయాలి అని దాని భావం. పెళ్లి కూడా ఆలస్యంగా, నలభై ప్రాంతంలో చేసుకున్నారు. భార్య మార్గరేటా. ఒక కొడుకు.

ఆ ఊరి చరిత్రలో ఒక చీకటి రోజును దాటవేయడం న్యాయం కాదు. 1572 డిసెంబరు 23న యోహాన్నెస్ సిల్వాన్ అనే సేవకుణ్ని హైడెల్‌బర్గ్ సంత చౌకులో తల నరికి చంపారు. త్రిత్వ సిద్ధాంతాన్ని నిరాకరించాడన్నది నేరం. లేఖనాన్ని తాను అలా చదివానన్నాడు. ఫ్రెడరిక్ తటపటాయించాడు. మరణశిక్షే తగినదని ఆ ఊరి వేదపండితులే సలహా ఇచ్చారు. బల్ల విషయంలో మాట అన్నవాడి ఉద్దేశం అడగమన్న ఊరే, దారి తప్పిన చదువరి విషయంలో కత్తి తెప్పించింది. ప్రశ్నోత్తరిని ప్రేమించే మనం ఇది కూడా తెలుసుకుని ప్రేమించాలి.

1576 అక్టోబరులో ఫ్రెడరిక్ చనిపోయాడు. కొడుకు లుడ్విగ్ VI గట్టి లూథరన్. తండ్రి నియమించిన సేవకులూ పంతుళ్లూ వందల మంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. సపియెన్స్ కళాశాల విద్యార్థులను పంపేశారు. ఉర్సీనస్‌కూ ఊరు విడవక తప్పలేదు. చిన్న కొడుకు యోహాన్ కాసిమిర్ తన వాటాకు వచ్చిన నాయ్‌స్టాట్ పట్టణంలో ఒక విద్యాలయం తెరిచి ఆయన్ని పిలిచాడు. 1578 నుంచి అక్కడ పాఠాలు చెప్పారు. యెషయా గ్రంథం బోధించారు.

ఆయన చివరి పెద్ద పుస్తకం నాయ్‌స్టాట్‌లోనే 1581లో వచ్చింది. లూథరన్లు 1580లో తమ ఒప్పుకోళ్లన్నీ కలిపి వెలువరించిన ఐక్యతా గ్రంథానికి అది సమాధానం. ప్రభు బల్ల మీదా, క్రీస్తు స్వభావాల మీదా రాశాక ఆయన ఇంకో చిక్కు ఎత్తుకున్నారు. 1530లో మెలాంక్తన్ రాసిన ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలుకు నిజమైన అర్థమేమిటి? మెలాంక్తన్ బతికుండగానే, 1540లో, ప్రభు భోజనం గురించిన వాక్యాన్ని తానే మార్చి, రెండు పక్షాలూ ఒప్పుకోగలిగేలా మెత్తబరిచారు. ఇప్పుడు లూథరన్లు మొదటి ప్రతే అసలైనదంటున్నారు. రాసినవాడే తన మాటను మార్చి విడమరిస్తే ఏది ఆయన ఉద్దేశం? ఉర్సీనస్ గురువు మారిన మాటవైపే నిలబడ్డారు. ఆపైన ఇంకో మెట్టెక్కి, ఒప్పుకోలైనా లూథరు రచనలైనా మనుషుల రాతలే, లేఖనం వాటిని కొలవాలి గాని అవి లేఖనాన్ని కొలవకూడదన్నారు. తాను రాసిన ప్రశ్నోత్తరి కూడా అదే తూకానికి లోబడుతుందని ఆయనకు తెలియక కాదు.

1583 మార్చి 6న, 48 ఏళ్ల వయసులో, నాయ్‌స్టాట్‌లో ఉర్సీనస్ కన్నుమూశారు. అక్కడి స్టిఫ్ట్‌స్కిర్షె ఆలయంలో ఆయన్ని సమాధి చేశారు. అదే అక్టోబరులో లుడ్విగ్ కూడా పోయాడు, కాసిమిర్ హైడెల్‌బర్గ్ పగ్గాలు అందుకున్నాడు, వెళ్లగొట్టినవాళ్లు తిరిగి వచ్చారు. ఏడు నెలలు ఉండి ఉంటే ఉర్సీనస్ కూడా వచ్చేవారు.

ఆయన ప్రశ్నోత్తరి మీద చెప్పిన పాఠాలను స్వయంగా పుస్తకంగా వేయలేదు. విద్యార్థులు రాసుకున్న నోట్సే మిగిలాయి. చనిపోయాక వాటిని ఎవరో హడావిడిగా అచ్చు వేశారు, తప్పులతో. గురువు మాటలు గురువువిగా కనిపించడం లేదని బాధపడినవాడు డేవిడ్ పరేయస్. ఉర్సీనస్ దగ్గర చదువుకున్న ఆయన 1584లో సపియెన్స్ కళాశాలలోనే పంతులయ్యారు. నోట్సులు పోల్చి, దిద్ది, మళ్లీ మళ్లీ ముద్రణలు తెచ్చారు. ఇవాళ ఉర్సీనస్ వ్యాఖ్యానంగా మనం చదివేది ఆ పుస్తకమే. ఏ వాక్యం గురువుగారు అన్నది, ఏది శిష్యుడు తనకు అర్థమైనట్టు రాసుకున్నది అన్నది ఇప్పుడు విడదీయడం కష్టం. పరేయస్ మాత్రం తలుపు దగ్గర రాసి ఉన్న మూడు దారుల్లో మూడోదాన్ని ఎంచుకున్నారు. ఆ పనిలోనే ముసలివారయ్యారు.